రెండో ప్రపంచ యుద్ధం: బడిలో చెప్పే చరిత్ర

రెండో ప్రపంచ యుద్ధాన్ని బడి పిల్లలకు ఎలా చెప్పాలన్నది 1945 నుంచి నేటిదాకా తెగని చర్చ. ఆ యుద్ధంలో ఆరు కోట్ల మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆయుధం ముట్టని సామాన్యులు. దాదాపు అన్ని దేశాల పాఠ్యపుస్తకాల్లోనూ ఈ పాఠం ఉంది, అయినా ఏ రెండు దేశాల్లోనూ ఒకేలా లేదు. గెలిచినవాళ్లు, ఓడినవాళ్లు, మధ్యలో నలిగిపోయినవాళ్లు, తమను అడగకుండానే యుద్ధంలోకి లాగబడ్డ వలస పాలనలోని ప్రజలు తమ తమ గాయం నుంచే ఈ కథ మొదలుపెడతారు. అది సహజమే. తన గాయం దగ్గరే ఆగిపోయిన పాఠం మాత్రం పిల్లలకు సగం చరిత్రే చెబుతుంది.

ఈ తేడా యుద్ధం ఎప్పుడు మొదలైందన్న చిన్న ప్రశ్న దగ్గరే బయటపడుతుంది. పోలండ్ పిల్లలు 1939 సెప్టెంబర్ 1 అంటారు. ఆ రోజు జర్మనీ సైన్యం వాళ్ల దేశంలోకి వచ్చింది. అదే నెల 17న తూర్పు నుంచి సోవియట్ సైన్యం కూడా వచ్చిందని వాళ్ల పుస్తకాలు మరిచిపోకుండా చెబుతాయి. రష్యాలో పాఠం బరువంతా జర్మనీ తమ మీద పడిన 1941 జూన్ 22 మీద ఉంటుంది. ఆ తర్వాతి నాలుగేళ్లలో సోవియట్ యూనియన్ సుమారు 2 కోట్ల 70 లక్షల మందిని పోగొట్టుకుంది. అంతకు ముందు 1939 ఆగస్టులో స్టాలిన్ ప్రభుత్వం హిట్లర్‌తో కుదుర్చుకున్న ఒప్పందంలో రహస్య భాగం ఒకటి ఉందని సోవియట్ ప్రభుత్వం 1989 దాకా ఒప్పుకోలేదు. అమెరికా పిల్లలకు మొదటి తేదీ పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన 1941 డిసెంబర్ 7. చైనాలో చాలాకాలం 1937 నుంచి ఎనిమిదేళ్ల యుద్ధంగా చెప్పేవారు. 2017లో విద్యాశాఖ ఆదేశంతో దాన్ని జపాన్ మంచూరియాను ఆక్రమించిన 1931 నుంచి పద్నాలుగేళ్ల యుద్ధంగా మార్చారు. భారతదేశానికి ఆ తేదీ 1939 సెప్టెంబర్ 3. ఆ రోజు వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఇక్కడి నాయకులను ఒక్క మాటైనా అడగకుండా దేశాన్ని యుద్ధంలోకి దించాడు. ఈ తేదీలన్నీ నిజమే. వీటిని బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాసి, ఇన్ని తేదీలు ఎందుకున్నాయో ఆలోచించమంటే, ఎనిమిదో తరగతి పిల్లలు కూడా యుద్ధ కారణాల చర్చలోకి వాళ్లంతట వాళ్లే వస్తారు.

యుద్ధం ముగిసిన వెంటనే ఓడిన జర్మనీ, జపాన్ దేశాల బడుల్లో ఎదురైన చిక్కు చాలా పెద్దది. పాత పుస్తకాలు చెప్పకూడని చరిత్ర చెబుతున్నాయి, కొత్తవి అచ్చు వేయడానికి కాగితం లేదు, సమయమూ లేదు. జపాన్‌లో 1945 శరదృతువులో దీనికి వెతికిన దారి విచిత్రమైనది. టీచర్లు పేజీ నంబర్లు, పంక్తులు చెబుతుంటే పిల్లలే కుంచె, నల్ల సిరా తీసుకుని యుద్ధాన్ని కీర్తించే వాక్యాలను తమ పుస్తకాల్లోంచి చెరిపేశారు. కొన్ని పేజీల్లో నాలుగైదు పంక్తులు మిగిలాయి, కొన్నిట్లో బొమ్మతో సహా మొత్తం నల్లబడిపోయింది. నిన్నటిదాకా ఆ వాక్యాలను నిలబడి గట్టిగా చదివించిన టీచరే ఇవాళ వాటిని చెరపమంటున్నారు. ఆ తరం జపనీయుల్లో చాలామంది జ్ఞాపకాల్లో ఆ నల్లటి పేజీలు నిలిచిపోయాయి. పెద్దలు చెప్పేది, అచ్చులో ఉండేది రాత్రికి రాత్రి మారిపోగలదని వాళ్లు అప్పుడే తెలుసుకున్నారు. అదే ఏడాది డిసెంబర్ 31న అమెరికా ఆక్రమణ అధికారులు నీతిబోధ, జపాన్ చరిత్ర, భూగోళం తరగతులను పూర్తిగా ఆపించారు. చరిత్ర తరగతి మళ్లీ మొదలైంది 1946 చివర్లో.

తర్వాత జపాన్‌లో పోరాటం కోర్టులకెక్కింది. అక్కడ పాఠ్యపుస్తకాలను ప్రైవేటు ప్రచురణకర్తలు వేస్తారు, విద్యాశాఖ పరిశీలించి అనుమతిస్తుంది. చరిత్రకారుడు ఇయెనగా సబురో రాసిన ఉన్నత పాఠశాల పుస్తకానికి 1960ల మొదట్లో అభ్యంతరాలు వచ్చాయి. యుద్ధాన్ని మరీ చీకటిగా చూపించారన్నది వాటిలో ఒకటి. ఆయన 1965లో ప్రభుత్వం మీద దావా వేశారు. 1967లో రెండోది, 1984లో మూడోది. 1997 ఆగస్టులో సుప్రీంకోర్టు చివరి తీర్పు ఇచ్చేనాటికి ఆయన వయసు ఎనభై దాటింది. పుస్తకాలను ప్రభుత్వం పరిశీలించడం రాజ్యాంగబద్ధమేనని కోర్టు అంది. అయితే చైనాలో మనుషుల మీద ప్రయోగాలు చేసిన 731 దళం గురించిన భాగాన్ని తీసేయించడం మాత్రం చట్టవిరుద్ధమని తేల్చింది. ఒక పాఠ్యపుస్తక రచయిత తన పేరాల కోసం ముప్పై రెండేళ్లు కోర్టుల చుట్టూ తిరిగిన ఉదాహరణ ప్రపంచంలో మరొకటి దొరకడం కష్టం. చరిత్ర పాఠం రాసే ప్రతివాళ్లూ ఇయెనగా పేరు గుర్తుంచుకోవాలి.

ఈ గొడవ జపాన్ సరిహద్దుల్లోనే ఆగలేదు. చైనా మీద దాడి తీవ్రతను పుస్తకాల్లో తగ్గించి రాయిస్తున్నారని 1982లో వార్తలు రావడంతో చైనా, దక్షిణ కొరియా గట్టిగా నిరసన తెలిపాయి. దాంతో ఇరుగుపొరుగు దేశాల మనోభావాలను కూడా గమనించాలనే నిబంధనను జపాన్ పరిశీలన నియమాల్లో చేర్చింది. 2007లో ఒకినావా ద్వీపవాసులు వీధుల్లోకి వచ్చారు. 1945లో అక్కడ జరిగిన యుద్ధంలో సామాన్యులు సామూహికంగా ప్రాణాలు తీసుకోవడం వెనక జపాన్ సైన్యం పాత్రను పుస్తకాల్లోంచి తగ్గిస్తున్నారన్నది వాళ్ల ఆగ్రహం. హిరోషిమాలో మరో రకం చర్చ నడిచింది. బాంబు దాడి నుంచి బతికి బయటపడిన నకజవా కెయిజీ గీసిన 'హదాషి నో గెన్' బొమ్మల కథను 2023లో నగర విద్యామండలి తన శాంతి పాఠాల సామగ్రి నుంచి తప్పించినప్పుడు చాలామంది బాధపడ్డారు.

జర్మనీ ఇవాళ ఈ విషయంలో అందరూ చూపించే ఉదాహరణ. అది ఒక్క రోజులో అలా కాలేదు. 1950లలో పశ్చిమ జర్మనీ తరగతి గదుల్లో నాజీ కాలం గురించి చెప్పింది తక్కువ. పాఠం చెప్పాల్సిన టీచర్లలో చాలామంది ఆ కాలంలో ఉద్యోగం చేసినవాళ్లే. తూర్పు జర్మనీలో పాఠం కమ్యూనిస్టు ప్రతిఘటన చుట్టూ తిరిగింది. బుఖెన్‌వాల్డ్ నాజీ నిర్బంధ శిబిరానికి పిల్లలను తీసుకువెళ్లేవారు, అక్కడ చంపిన కమ్యూనిస్టు నాయకుడు ఎర్నెస్ట్ థాల్మన్ గురించి చెప్పేవారు, యూదుల సంహారం మాత్రం పక్కకు జరిగిపోయేది. 1959 క్రిస్మస్ ముందు రాత్రి కొలోన్‌లో యూదుల ప్రార్థనామందిరం గోడ మీద స్వస్తిక గుర్తులు పూశారు. ఆ అలజడి తర్వాతే పశ్చిమ జర్మనీ రాష్ట్రాల విద్యామంత్రులు ఇటీవలి చరిత్రను బడుల్లో తప్పక చెప్పించే ప్రయత్నం మొదలుపెట్టారు. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదలైన ఆష్విట్జ్ మరణశిబిరం సిబ్బంది విచారణలు, 1979 జనవరిలో టీవీలో వచ్చిన 'హోలోకాస్ట్' అనే అమెరికన్ ధారావాహిక ఇళ్లలోనూ ఆ మాట ఎత్తించాయి.

1976లో బాయిటెల్స్‌బాఖ్ అనే ఊళ్లో విద్యావేత్తల సమావేశం నుంచి వచ్చిన మూడు సూత్రాలు జర్మన్ తరగతి గదికి ఇప్పటికీ పునాది. టీచరు తన అభిప్రాయాన్ని పిల్లల మీద రుద్దకూడదు. పండితుల్లో వివాదం ఉన్న విషయం తరగతిలోనూ వివాదంగానే కనిపించాలి. పిల్లలు తమ పరిస్థితిని తామే విశ్లేషించుకునేలా తయారు కావాలి. మొదటి సూత్రం చదివితే హిట్లర్ గురించి కూడా అభిప్రాయం చెప్పకూడదా అని అనుమానం వస్తుంది. వివాదం ఉన్నచోట రెండు పక్కలా చూపించమనే ఆ సూత్రం, జరిగిన హత్యలు జరిగాయా లేదా అన్నదాన్ని చర్చకు పెట్టమనదు. ఈ గీత ఎక్కడుందో తెలిసిన టీచరు చేతిలోనే ఆ సూత్రాలు పనిచేస్తాయి.

1973 నుంచి జర్మనీలో దేశాధ్యక్షుడి పేరుతో పిల్లలకు చరిత్ర పోటీ జరుగుతోంది. సొంత ఊరి చరిత్ర తవ్వి రాయాలి. పాసావు పట్టణానికి చెందిన అన్నా రోస్‌ముస్ బడిలో చదువుతూ ఇలాంటి పోటీకి రాయబోయి నాజీ కాలంలో తన ఊరు ఏం చేసిందని వెతికింది. ఊరి పెద్దలు పాత కాగితాలు ఇవ్వడానికి నిరాకరించారు, బెదిరింపులు వచ్చాయి. ఆమె వెనక్కి తగ్గకుండా 1983లో పుస్తకం వేసింది. ఆ కథ ఆధారంగా 1990లో సినిమా వచ్చింది. వీధుల్లోనూ ఒక పాఠం ఉంది. కళాకారుడు గుంటర్ డెమ్‌నిగ్ మొదలుపెట్టిన పది సెంటీమీటర్ల ఇత్తడి పలకలను హత్యకు గురైనవాళ్లు చివరగా నివసించిన ఇళ్ల ముందు కాలిబాటలో పొదుగుతారు. పలక మీద పేరు, పుట్టిన ఏడాది, తీసుకుపోయిన తేదీ, ఏమయ్యారన్నది ఉంటాయి. ఐరోపా అంతటా ఇప్పటికి లక్షకు పైగా పలకలు చేరాయి. చాలాచోట్ల బడి పిల్లలే ఒక్కొక్క పేరు వెనకున్న మనిషి గురించి వివరాలు సేకరించి, పలక వేసే రోజు చదివి వినిపిస్తారు. తర్వాత అప్పుడప్పుడూ వెళ్లి ఇత్తడిని తోమి వస్తారు.

శత్రువులు కలిసి పుస్తకం రాయగలరా అన్నది పాతకాలపు కల. నానాజాతి సమితి 1925లోనే పాఠ్యపుస్తకాల్లో పొరుగువాళ్ల మీద ద్వేషం పుట్టించే రాతలను సవరించాలని తీర్మానించింది, ఫలితం పెద్దగా లేదు. 1951లో గియోర్గ్ ఎకెర్ట్ బ్రౌన్‌ష్వైగ్‌లో పాఠ్యపుస్తకాల అధ్యయన కేంద్రాన్ని స్థాపించాక పని గట్టిగా సాగింది. జర్మనీ, పోలండ్ చరిత్రకారుల సంఘం 1972లో మొదలై 1976లో సిఫార్సులు ఇచ్చింది. ఫ్రాన్స్, జర్మనీ యువజనుల సభ 2003లో ఉమ్మడి చరిత్ర పుస్తకం కావాలని అడిగింది. 2006లో మొదటి సంపుటం, 2008లో రెండోది, 2011లో మూడోది రెండు భాషల్లో వచ్చాయి. రెండో సంపుటం 1945 వరకు వస్తుంది, అంటే రెండు ప్రపంచ యుద్ధాలూ అందులోనే. చైనా, కొరియా, జపాన్ పండితులు, టీచర్లు కలిసి 2005లో మూడు దేశాలకూ ఉపయోగపడే పుస్తకం తెచ్చారు. ఇవి తరగతుల్లో ఎక్కువగా వాడకంలోకి రాలేదు. పరీక్షలు, రాష్ట్రాల పాఠ్యప్రణాళికలు వేరుగా ఉండటం అందుకు ఒక కారణం. అయినా మూడు తరాల పాటు ఒకరినొకరు చంపుకున్న దేశాల చరిత్రకారులు ఒకే పేరా మీద సంతకం చేయగలిగారన్నది చిన్న విషయం కాదు.

ఇంగ్లండ్ జాతీయ పాఠ్యప్రణాళికలో పదకొండేళ్లు దాటిన పిల్లల చరిత్ర పాఠాల్లో యూదుల సంహారం తప్పనిసరి అంశం. చిన్న తరగతుల్లో పిల్లలు 1939లో లండన్ నుంచి పల్లెలకు తరలిన పిల్లల్లా మెడలో పేరు చీటీ, చేతిలో గ్యాస్ మాస్కు పెట్టె పట్టుకుని ఒక రోజు గడపడం మామూలు. ఆ పాఠంలో భారత, ఆఫ్రికా సైనికులు కనిపించేది తక్కువ. అమెరికా 1988 చట్టంతో యుద్ధకాలంలో నిర్బంధించిన సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివారికి క్షమాపణ చెప్పింది, ఆ చరిత్రను జనానికి చెప్పడానికి నిధి కూడా పెట్టింది. రష్యా 2023లో పై తరగతులకు దేశమంతటికీ ఒకే చరిత్ర పుస్తకం తెచ్చింది. ఒకే పుస్తకం చాలన్న నిర్ణయం ఏ దేశంలో జరిగినా ఆందోళన కలిగించేదే.

భారతదేశంలో ఈ పాఠం చాలాకాలం జాతీయోద్యమానికి నేపథ్యంగా మాత్రమే నడిచింది. యుద్ధం వచ్చింది, కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి, బ్రిటిష్ మంత్రి క్రిప్స్ వచ్చాడు, క్విట్ ఇండియా మొదలైంది, సుభాష్ చంద్రబోస్ సింగపూర్ చేరాడు. ఇదంతా సరైనదే. కానీ 25 లక్షల మంది భారతీయులు ఆ యుద్ధంలో సైనికులుగా పనిచేశారని, దాదాపు 87 వేల మంది చనిపోయారని, ఇంఫాల్, కోహిమా కొండల మీద 1944లో జపాన్ సైన్యాన్ని ఆపడంలో వాళ్ల పాత్ర ఉందని చాలామంది పదో తరగతి దాటాక కూడా వినలేదు. పరాయి ప్రభుత్వం కోసం పోరాడినవాళ్లను గుర్తుచేసుకోవడంలో ఉండే ఇబ్బంది అర్థమయ్యేదే. ఆ ఇబ్బంది గురించి పిల్లలతో మాట్లాడితే మంచిది, దాటేస్తే ఆ మనుషులు రెండుసార్లు పోయినట్టు.

జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి (ఎన్‌సీఈఆర్‌టీ) 2006లో తెచ్చిన తొమ్మిదో తరగతి పుస్తకంలో నాజీయిజం మీద పూర్తి పాఠం ఉంది. నాజీ జర్మనీలో బడులు, పిల్లల సంఘాలు ఎలా మారిపోయాయో అది వివరంగా చెబుతుంది. 2014లో కొత్తగా వచ్చిన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పదో తరగతి సాంఘికశాస్త్రం పుస్తకాలు 1900 నుంచి 1950 వరకు కాలాన్ని ఒక్కటిగా తీసుకుని రెండు యుద్ధాల కారణాలనూ పక్కపక్కన పెట్టి పోల్చాయి. ఇది మంచి పద్ధతి. తరగతి గదిలో మాత్రం అది తరచూ కారణాల జాబితాగా కుదించుకుపోతుంది. దురహంకార జాతీయవాదం, సామ్రాజ్యవాదం, రహస్య ఒప్పందాలు, సైనికవాదం అంటూ బట్టీ పట్టి పరీక్షలో రాసేస్తారు.

తెలుగు పిల్లలకు ఈ పాఠం మొదలుపెట్టడానికి మంచి చోటు 1942 వసంతం. ఆనాటి బర్మాలో, రంగూన్ రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ తెలుగు కూలీలు వేలల్లో ఉండేవారు. కోరంగి, విశాఖ రేవుల నుంచి ఓడలెక్కి వెళ్లిన కుటుంబాలు లేని ఊరు తీరాంధ్ర జిల్లాల్లో తక్కువ. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న నగరం జపాన్ చేతిలోకి పోయింది. ఓడల్లో చోటు దొరకనివాళ్లు అరకాన్ మీదుగా చిట్టగాంగ్ వైపు, తమూ మీదుగా మణిపూర్ వైపు కాలినడకన బయలుదేరారు. కలరా, మలేరియా, ఆకలితో దారిలోనే చాలామంది పోయారు. ఐరోపావాళ్లకు మెరుగైన దారి వదిలి భారతీయులను కష్టమైన దారిన పంపారన్న ఆరోపణ అప్పుడే వచ్చింది. ఆ మార్చిలోనే అండమాన్ దీవులు జపాన్ ఆక్రమణలోకి వెళ్లాయి. ఏప్రిల్ 5న కొలంబో మీద దాడి జరిగింది, 6న విశాఖపట్నం, కాకినాడల మీద విమానాలు బాంబులు వేశాయి. అవి బంగాళాఖాతంలోకి వచ్చిన ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచినవి. తీరం వెంబడి ఊళ్లు ఖాళీ అయ్యాయి, మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాలు కొన్ని లోపలి ఊళ్లకు తరలాయి, యుద్ధకాలంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరు వెళ్లింది.

ఈ కథ ఇక్కడితో ఆగదు, ఆగకపోవడమే దీని విలువ. బర్మా పోవడంతో అక్కడి నుంచి వచ్చే బియ్యం ఆగిపోయింది. జపాన్‌వాళ్లకు దొరక్కూడదని బెంగాల్ తీరంలో ప్రభుత్వం పడవలను, బియ్యం నిల్వలను స్వాధీనం చేసుకుంది. 1942 అక్టోబర్‌లో తుపాను కొట్టింది, యుద్ధకాలపు ధరలు కూలివాడికి అందనంత పెరిగాయి. 1943 బెంగాల్ కరువులో సుమారు 30 లక్షల మంది చనిపోయారు. రంగూన్ మిల్లు కూలీ, విశాఖ రేవు మీద బాంబు, కలకత్తా వీధుల్లో ఆకలి చావులు ఒకే గొలుసు. ఈ గొలుసును పట్టుకున్న విద్యార్థికి ప్రపంచ యుద్ధం అనే మాటలో ప్రపంచం ఎక్కడుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

విశాఖలో ఈ పాఠానికి గోడలు కూడా ఉన్నాయి. బీచి పొడుగునా సముద్రం వైపు సన్నటి కంతలతో కట్టిన కాంక్రీటు కాపలా గదులు కొన్ని ఇప్పటికీ మిగిలాయి, కొన్ని ఇసుకలో కూరుకుపోయాయి. కంతలో కన్ను పెట్టి చూస్తే సముద్రం ఎంత మేర కనబడుతుందో, తుపాకీ ఎటు తిరుగుతుందో పిల్లలు కొలవవచ్చు. విశాఖ మ్యూజియంలో జపాన్ బాంబు తొడుగు ఉంది. పశ్చిమ గోదావరిలోని మాధవరం నుంచి రెండు ప్రపంచ యుద్ధాలకూ చాలామంది సైన్యంలో చేరారు, అందుకే ఆ ఊరిని మిలిటరీ మాధవరం అంటారు. మణిపూర్‌లో ఇంఫాల్ దగ్గర 2019లో శాంతి మ్యూజియం తెరిచారు. తెలుగు సైనికుడు నాయకుడిగా 2015లో వచ్చిన 'కంచె' సినిమా కల్పితకథే అయినా, పెద్ద తరగతుల్లో ఏది చరిత్ర, ఏది కథ అని విడదీయించడానికి పనికొస్తుంది.

పద్ధతుల విషయానికి వస్తే, అనుభవజ్ఞులైన టీచర్లు కొన్నిటి మీద గట్టి హెచ్చరికలు చేస్తారు. శవాల గుట్టల ఫోటోలతో పాఠం మొదలుపెడితే పిల్లలు భయపడతారు లేదా మొద్దుబారతారు. శిబిరంలో ఖైదీలుగా, కాపలావాళ్లుగా నటింపజేయడం ఇంకా ప్రమాదం. 1967లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో రాన్ జోన్స్ అనే టీచరు నియంతృత్వం ఎలా పుడుతుందో చూపించడానికి తరగతిలో క్రమశిక్షణ ఉద్యమం మొదలుపెట్టాడు. కొద్ది రోజుల్లోనే అది అదుపు తప్పేలా ఉండటంతో ఆపేశాడు. ఈ సంఘటన మీద సినిమాలు వచ్చాయి, దాన్ని మళ్లీ చేసి చూడాలన్న ఉబలాటం మాత్రం ఎవరికీ రాకూడదు. సంఖ్యలతో మరో ఇబ్బంది. 60 లక్షల మంది యూదులు అన్న మాట పిల్లల మనసులో ఏ రూపమూ కట్టదు. టెనెసీ రాష్ట్రంలో విట్‌వెల్ అనే చిన్న ఊరి బడి పిల్లలు 1998లో చనిపోయిన ఒక్కొక్కరికి ఒక్కో పేపర్ క్లిప్పు చొప్పున సేకరించడం మొదలుపెట్టి లక్షలు దాటించారు. అది మనసును కదిలించే పనే. ఒక మనిషి ఉత్తరం, ఒక ఇంటి ఫోటో, ఒక రేషన్ కార్డు దగ్గర పెట్టుకుని గంటసేపు ప్రశ్నలడగడం అంతకంటే లోతుకు దించుతుందని నా నమ్మకం. ఎవరు రాశారు, ఎవరికి రాశారు, ఏ రోజున రాశారు, రాయకుండా వదిలేసింది ఏమిటి అని అడగడం అలవాటైన పిల్లలు రేపు ఫోన్‌లో వచ్చే ప్రతి సందేశాన్నీ అలాగే అడుగుతారు.

యుద్ధాన్ని చూసినవాళ్లు వెళ్లిపోతున్నారు. హిరోషిమా నగరం 2012 నుంచి బాంబు బాధితుల అనుభవాలను వాళ్ల దగ్గరే కూర్చుని నేర్చుకుని తర్వాతి తరానికి చెప్పేవాళ్లకు శిక్షణ ఇస్తోంది. చిత్ర దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1994లో స్థాపించిన సంస్థ యూదుల సంహారాన్ని చూసినవాళ్ల వాంగ్మూలాలను యాభై వేలకు పైగా వీడియోలో భద్రపరిచింది. బర్మా నడక నడిచిన తెలుగువాళ్లలో ఇప్పుడు మిగిలినవాళ్లు ఎక్కడన్నా ఉంటే వాళ్లు ఆనాటి చంటిపిల్లలు. వాళ్ల పిల్లల దగ్గర మాటలు, పెట్టె అడుగున కాగితాలు ఉంటాయి. ఆ మాటలు తేదీతో, చెప్పినవాళ్ల పేరుతో రాయించడం తీర జిల్లాల హైస్కూళ్లు ఈ ఏడాదే మొదలుపెట్టగల పని. సైనికుల విషయంలో దారి ఇంకా సులువు. రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో సమాధి లేని దాదాపు 27 వేల మంది సైనికుల పేర్లు రాతి స్తంభాల మీద చెక్కారు, వారిలో భారతీయులు చాలామంది. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం జాబితాలో ఎవరైనా వెతకవచ్చు. చాలా పేర్ల పక్కన తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, జిల్లా ఉంటాయి. ఊళ్ల పేర్లు ఆనాటి తెల్లదొరల స్పెల్లింగులో ఉంటాయి కాబట్టి వైజాగపటం, కోకనాడా, బెజ్వాడా అని వెతికించాలి.